నుడికట్టునందలి న్యాయము

మన పత్రికల కడపటి పుటలలో నలుపు తెలుపు గళ్ళతో నొక పట్టిక అచ్చుపడుచుండును. దానిని గళ్ళనుడికట్టని కొందఱు, పదబంధప్రహేళిక యని కొందఱు, క్రాస్‌వర్డు అని పెక్కుమంది పిలుచుచున్నారు. ఈ పట్టికనుగూర్చి సాహిత్యపత్రికలో నొక వ్యాసమా యని పెద్దలు నవ్వవచ్చును. నవ్వనిండు. భాష పరిషత్తులలో మాత్రమే బ్రదుకదు. ప్రొద్దుటి కాఫీ చల్లారువఱకు ఒక్క మాటకొఱకు తల గోకికొను చదువరియొద్దకూడ బ్రదుకును. అట్టి చదువరికి మన పత్రికలు చేయుచున్న యన్యాయమును చూపుటయే మా యుద్దేశము. మా వాదమంతయు నొక్క వాక్యములో చెప్పవచ్చును. నుడికట్టులో ప్రశ్న యెంత వంకరగానైన నుండవచ్చును. ప్రత్యుత్తరము మాత్రము సూటిగా నుండవలెను. నేటి మన నుడికట్టులలో పెక్కింట ఈ ధర్మము తలక్రిందైనది. ప్రశ్న చప్పగాను, ప్రత్యుత్తరము వంకరగాను ఉన్నవి.

ఈ క్రీడ పుట్టి నూఱేండ్లు దాటినది. ఆర్థర్ విన్ అను పత్రికోద్యోగి 1913 డిసెంబరు 21వ తేదీని న్యూయార్కు వరల్డు అను పత్రికలో దీనిని మొదట ప్రకటించెను. నాటి యాధారములు నిఘంటువునందలి యర్థములవంటివే. ఇంగ్లండునకు పోయినపిమ్మట దీని స్వభావము మాఱెను. ఎడ్వర్డ్ పొయిస్ మాథర్స్ అనునతడు టార్క్విమడా అను మాఱుపేరుతో 1926 మొదలుకొని అబ్జర్వర్ పత్రికలో కూర్చిన పట్టికలయందు, ప్రతి యాధారమును తనంతట తానొక చిక్కుముడి యయ్యెను. టైమ్సు పత్రిక 1930 ఫిబ్రవరి 1వ తేదీని ఈ క్రీడకు తన పుటలలో చోటిచ్చెను. చిక్కులు హద్దుమీఱగా వానికొక ధర్మశాస్త్రము కావలసివచ్చెను. మాథర్స్ తరువాత అబ్జర్వరులో నా స్థానమునకు వచ్చిన డి. ఎస్. మాక్నట్, జిమినీజ్ అను మాఱుపేరుగలవాడు, 1966లో ప్రకటించిన గ్రంథమున ఆ ధర్మమును వివరించెను. దాని సారాంశమిది: ఆధారములో మాటకు సరియైన యర్థ ముండవలెను, ఆ మాటను అక్షరములనుండి కట్టుకొను మార్గము న్యాయముగా నుండవలెను, ఈ రెండును గాక వ్యర్థపదము మూడవది యుండరాదు.

తెనుగున నిట్టి యాధారము లెట్లుండునో మా చేతనైనంతలో కొన్నిటిని చూపుదుము. ప్రక్కనున్న యంకె గళ్ళ సంఖ్య.

'పాదమునకు వర్షారంభము తోడైన పొలమునకు నీరు (3)'. పాదమనగా కాలు, వర్షశబ్దమునకు ఆరంభము వకారము, రెండును కలిసిన కాలువ.

'పడవచ్చునను భయములోపలనే యేరు దాటు సాధనము (3)'. పడవచ్చునను మాటలోపలనే పడవ దాగియున్నది.

'ధాన్యము కొలుచును, నీరు విడుచును (2)'. రెండింటికిని తూమే.

'లడ్డువు ప్రక్కన తీగె: గుహలుగల యూరు (4)'. ఉండయు వల్లియు చేరి, కృష్ణకావలనున్న ఉండవల్లి యైనది.

'రోజు వెనుదిరిగి సముద్రమునకు పోవును (2)'. దినశబ్దమును వెనుకనుండి చదివిన నది.

బెజవాడ లాకుల నెఱిగినవారికి ఇందలి న్యాయము సులభముగా తెలియును. కాలువలపై పడవలు నడచిన కాలమున, లాకులోనికి వచ్చిన పడవ నీటిమట్టము సమానమగువఱకు ఆగియుండెడిది. లోపలి నీరును ఎదుటి నీరును ఒక్క మట్టమునకు వచ్చినంతనే తలుపు తెఱచుకొనెడిది. ఆధారమునందును అర్థ మొక ప్రక్క, అక్షరనిర్మాణ మొక ప్రక్క నిలుచును. రెండును ఒక్క మట్టమునకు వచ్చినప్పుడు మాట తలుపు తెఱచుకొనును. అప్పుడు సాధించినవాడు సంపాదకు నడుగనక్కఱలేదు. వచ్చు సంచికకై ఎదురుచూడనక్కఱలేదు. తాను వ్రాసినది సరియని తనకే తెలియును. ఒకరి దయపై నాధారపడని యీ నిశ్చయమే యీ క్రీడకు గౌరవము.

ఇట్టి సూక్ష్మక్రీడ ఇంగ్లీషునకే తగును గాని తెనుగునకు తగదని కొందఱు చదువుకొన్నవారి యభిప్రాయము. వీరు ప్రతిదినము ఇంగ్లీషు పట్టికను పూర్తిచేసి, తెనుగు పట్టికను పిల్లలకు వదలివేయుదురు. వీరి మాట యెంతవఱకు నిజమో విచారింతము. ఇంగ్లీషునకు అక్షరములు 26. ఆ భాషలో గడికొక వర్ణము వ్రాయుదురు. మన గడిలో గుణింతముతోను ఒత్తుతోను కూడిన పూర్ణాక్షర ముండును. కృష్ణ యని వ్రాయుటకు మనకు రెండు గళ్ళు చాలును. స్త్రీ యను మాట కొక్కటియే చాలును. అందువలన అడ్డమును నిలువును కలియుచోట మన నియమము మిక్కిలి కఠినము. అడ్డుమాటలో 'ష్ణ' యున్నచో నిలువుమాటలోను 'ష్ణ'యే కావలెను. 'ష్ణు' వచ్చినను పొసగదు. కూర్చువానికిది కష్టమే. కాని సాధించువానికి ఒక్క గడి దొరికినను సగము దారి కనబడును. మన పట్టిక కొంచెము చిన్నదిగాను, నల్లగళ్ళు కొంచె మెక్కువగాను ఉండవలెననుట మాత్రమే దీనివలన తేలును. భాష తగదనుట తేలదు. ఎటు చదివినను మాఱని వికటకవి యను బిరుదును తెనాలి రామకృష్ణుని కథతోపాటు మన పిల్లలందఱు నెఱుగుదురు. ఆ చమత్కారము పూర్ణాక్షరమును గడిగా నెంచినప్పుడే పొసగును. గళ్ళు గీయకముందే మనవారు మాటను గళ్ళుగా చూచిరని దీనివలన తెలియుచున్నది.

పూర్వుల మాట వచ్చినది గావున మఱికొంత చెప్పుదుము. కామసూత్రమందలి చతుష్షష్టికళలలో ప్రహేళిక యొకటి. దండి తన కావ్యాదర్శమున ప్రహేళికలను 16 విధములుగా విభజించి, అవి గోష్ఠులలో వినోదమునకును, నలుగురినడుమ రహస్యముగా మాటాడుటకును ఉపయోగపడునని చెప్పెను. అంతకంటె ముఖ్యమగు మాట మఱియొకటి యతడు చెప్పెను: పూర్వాచార్యులు 14 దుష్టప్రహేళికలనుకూడ నెన్నిరట. అనగా, పొడుపునందును మంచిచెడ్డలు కలవనియు, చెడ్డదానిని చెడ్డదనుటకు వెనుదీయరాదనియు ప్రాచీనులే యెఱుగుదురు. వ్యాఖ్యానము లేక తెలియని కావ్యమును భామహుడు మెచ్చలేదని కొందఱు మాకు జ్ఞాపకము చేయవచ్చును. కావ్యమున నట్టి గూఢత్వమును మేమును కోరుటలేదు. కావ్యమునకు రసము ప్రాణము. క్రీడకు న్యాయము ప్రాణము. ఒకే పద్యమున రామకథను భారతకథను నడపిన పింగళి సూరన రాఘవపాండవీయమును చదివిన జాతికి, రెండర్థముల మాట కొత్త కాదు. దత్తపదియు, సమస్యయు, నిషిద్ధాక్షరియు, న్యస్తాక్షరియు తిరుపతి వేంకటకవుల కాలమున ఈ మండలముల సభలను ఉఱ్ఱూతలూపినవి. ఆ జంటలో నొకరగు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు బందరు హిందూ ఉన్నతపాఠశాలలో తెనుగు బోధించిరి. ఆ విద్యలన్నియు నియమమునకు కట్టుబడి మాటను పుట్టించు విద్యలే. కాలము మాఱినపిమ్మట ఆరుద్రగారు గళ్ళనుడికట్టను తేటతెనుగు పేరుతోను, శ్రీశ్రీగారు పదబంధప్రహేళిక యను పేరుతోను ఈ పట్టికలను కూర్చిరి. కవులకు తక్కువగా కనబడని పనిని పండితులు తక్కువగా చూడనక్కఱలేదు.

ఇంత సంప్రదాయముగల భాషలో నేడు జరుగుచున్న దేమి? కూర్చువాడు పట్టికను సగము నింపి చిక్కుకొనును. రెండు నిలువుమాటలనడుమ 'దిన' యని మాత్రమే మిగులును. అట్టి మాట తెనుగున విడిగా నిలువదు. న్యాయబుద్ధిగలవాడైన నా మూలను చెరిపి మరల కూర్చును. మనవాడు 'నది తిరుగబడినది' యని యాధారము వ్రాసి చేతులు దులుపుకొనును. ఆ వెనుక తోక తెగిన రాజు వచ్చును. తల లేని రాణి వచ్చును. దీర్ఘము కోల్పోయిన సీత వచ్చును. తడబడిన మంత్రి వచ్చును. కాలుసేతులు విఱిగిన మాటలతో పట్టిక ఆసుపత్రి చావడివలె నుండును. పైని మేము చూపిన యాధారముతో దీనిని పోల్చి చూడుడు. అచ్చట తిరుగబడినది ప్రశ్నలో నున్నది. గడిలో పడినది నది యను బ్రదికిన మాట. ఇచ్చట ప్రశ్నలో నది యున్నది. గడిలో పడినది మాటయొక్క శవము. చదువరి యంతసేపు శ్రమపడి తుదకు సంపాదించిన దేమి? నిఘంటువులో లేనిది, నోట పలుకరానిది, రేపు జ్ఞాపకముంచుకొనదగనిది. కూర్చినవాని యశక్తికి చదువరి శిక్ష యనుభవించుచున్నాడు.

రెండవ దోషము సోమరితనము. 'చలనచిత్రనటి (3)' అని యొక యాధారము. మూడక్షరముల నటీమణులు పదిమంది కలరు; ఎవరిని వ్రాయవలెను? అడ్డుమాటలు దొరకువఱకు గోడకు చేరగిలబడి కూర్చుండవలసినదే. ఇందు బుద్ధికి పని లేదు. గోడపత్రికలను చూచిన కన్నులకు మాత్రమే పని. మూడవ దోషము దీనికి వ్యతిరేకము. కొందఱు పండితులు శబ్దరత్నాకరమును ముందు పెట్టుకొని, జనులెవ్వరును వినని పర్యాయపదమును వెదకి తెచ్చి, ఆధారముగా దాని యర్థము మాత్రము వ్రాసి, ఇది కఠినమైన పట్టిక యని మురియుదురు. కఠినత యనగా నిది గాదు. తెలియని మాటను అడుగుట కఠినత గాదు, క్రూరత. అందఱికిని తెలిసిన కాలువను చదువరి కన్నులయెదుటనే దాచి, వెదకి వెదకి దొరకినపుడు 'అయ్యో, యిదియా' యని యనిపించుటయే కఠినత.

నాలుగవది దోషము గాదు, పాపము. అది ధనాశ. నుడికట్టు మనదేశమున నొకప్పుడు జూదమునకు ముసుగైనది. వేలకొలది రూకల బహుమానములు ప్రకటించి, ప్రవేశరుసుము వసూలుచేసి, పోటీలు నడపిన వ్యాపారులు బయలుదేరిరి. వారి యాధారము లెట్టివో తెలియుటకు మేమే యొకటి కల్పించి చూపుదుము. 'వివేకి దీనిని వృథాచేయడు', గళ్ళు మూడు, చివరి రెండును 'నము'. ధనమని వ్రాసినను సరియే. దినమని వ్రాసినను సరియే. ఏది గెలుచునో నిర్ణయించునది అర్థము గాదు, అక్షరము గాదు; నిర్వాహకుడు ముందుగా మూసిపెట్టిన కాగితము. పేరునకు భాషాక్రీడ, పనికి లాటరీ. ఈ యల్లరి మితిమీఱగా 1955లో కేంద్రశాసనసభ బహుమానపు పోటీల చట్టమును చేసి, నెలలో బహుమానముల మొత్తము వేయి రూపాయలు మించు పోటీలను నిషేధించెను. అనుజ్ఞాపత్రము లేక పోటీ నడుపరాదనెను. బెంగుళూరినుండి వెలువడు పత్రికలో ఆర్.ఎం.డి.సి. క్రాస్‌వర్డులను నడపినవారు సుప్రీముకోర్టు వఱకు పోరాడిరి. 1957లో ఆ న్యాయస్థానము, జూదము వర్తకము గాదనియు, దానికి వర్తకస్వాతంత్ర్యపు రక్షణ లేదనియు తీర్పుచెప్పెను. అదే సంవత్సరమున మఱియొక తీర్పులో, నేర్పు ప్రధానముగాగల పోటీలకు ఆ చట్టము వర్తింపదని వివరించెను. చదువరులు గమనింతురు గాక: అదృష్టపు పట్టిక వేఱు, నేర్పు పట్టిక వేఱు అని దేశమందలి యత్యున్నత న్యాయస్థానము గుర్తించినది. మన సంపాదకులు మాత్రమింకను గుర్తింపలేదు. బహుమానము చిన్నదైనంతమాత్రమున, రెండు మాటలకు సరిపోవు ఆధారము న్యాయమైనది కాజాలదు.

ఇక, ఇదంతయు కాలహరణము, దీనివలన దేశమునకేమి లాభమని యడుగు సంస్కర్తలు కలరు. వారిని మేము గౌరవింతుము. కాని వారి చూపు తప్పిన తావున ప్రసరించుచున్నది. ఈ కృష్ణాతీరమున పేకముక్కలచేత ఎన్ని కుటుంబములు చెడినవో, సంక్రాంతి దినములలో కోడిపందెములచేత ఎన్నియెకరములు చేతులు మాఱినవో వారెఱుగనిది గాదు. మనుష్యుడు ఆట లేక బ్రదుకడు. ఒక యాటను మానుమన్నచో మఱియొక యాట చేతికీయవలెను. కాగితమును పెన్సిలును మాత్రమే కోరు నీ యాటకంటె నిరపాయమైనది వారు చూపగలరా? ఇక లాభమే కావలెనన్నచో, 1942 జనవరిలో లండను డెయిలీ టెలిగ్రాఫు పత్రిక తన పట్టికను పండ్రెండు నిమిషములలో సాధింపగలవారికి పోటీ పెట్టినదనియు, అందు నెగ్గినవారిలో కొందఱిని ప్రభుత్వము శత్రువుల రహస్యలిపులను ఛేదించు పనికి పిలిచినదనియు చెప్పుదుము. భారతీయులలో ప్రప్రథమ నౌకాదళాధ్యక్షులగు అడ్మిరల్ రామదాసు కటారిగారు, 1962లో విశ్రాంతి పొందినపిమ్మట ఆంధ్రప్రదేశ్ రోడ్డురవాణాసంస్థకు అధ్యక్షులుగాను, బర్మాకు రాయబారిగాను పనిచేసి, ఆపైని మదరాసు హిందూ పత్రికకు క్రాస్‌వర్డులు కూర్చిరి. యుద్ధనౌకలను నడపిన చేతికి తగిన పని, మన చేతులకు తగనిదా?

కాని లాభములను లెక్కించుటతో మా వాదము ముగియదు. ఇందు పణమైయున్నది చదువుట యను అలవాటు. మన పెద్దలు దీనికై పడిన శ్రమను తలంపుడు. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయము వెలసినది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయమహాసభ ఆ పట్టణముననే మొదటిసారి కూడినది. పాతూరి నాగభూషణంగారు 1935లో పెదవడ్లపూడినుండి కొల్లిపరవఱకు కాలువమీద పడవలో పుస్తకములను త్రిప్పి పల్లెలకు పంచిరి. అక్షరము రానివానికి అక్షరము, పుస్తకము లేనివానికి పుస్తకము అందించుట వారి తపస్సు. నేడు అక్షరము వచ్చినది. అచ్చుకాగితము గుట్టలుగా నున్నది. అరచేతిలోని తెరమీద రాత్రింబవళ్ళు మాటలు పాఱుచున్నవి. కాని ఒక వాక్యమును రెండవసారి చదువు నోపిక సన్నగిల్లినది. మాట పైకి చెప్పునదొకటి, లోపల దాచునదొకటి యని యనుమానించి, ఆగి, వెనుకకు పోయి, ప్రతియక్షరమును తట్టి చూచు నలవాటు చచ్చినచో, ప్రకటనకర్తకును ఎన్నికల వక్తకును మనము సులభముగా చిక్కుదుము. చక్కని నుడికట్టు ప్రతిదినము అరగంటసేపు ఈ యనుమానమును అభ్యసింపజేయును. అందువలననే కూర్చువాని నిజాయితీకి మే మింత విలువ కట్టుచున్నాము. అనుమానించి వెదకిన చదువరికి తుదకు సత్యము దొరకవలెను. దొరకనిచో వాడు వెదకుటయే మానును.

మఱియొక నష్టముకూడ కలదు. బందరుకాలువ గట్టున పుట్టిన బాలునికి లాకు అనగా నేమో తెలియని దినములు వచ్చినవి. తూము, బోదె, నారుమడి, ఊడ్పు, కుప్ప, ఏతము అను మాటలు పొలమునందే పలుచబడుచున్నవి; పాఠ్యపుస్తకములలో అసలే లేవు. అట్టి మాటకు ఉపన్యాసముచేత ప్రాణము రాదు. కాని ఒక బాలుడు 'ధాన్యము కొలుచును, నీరు విడుచును' అను నాధారముతో పోరాడి, తాతగారినడిగి, తూమని తెలిసికొనెనేని, ఆ మాటను వాడు జన్మములో మఱువడు. తాను గెలుచుకొన్నదానిని ఎవ్వడును పాఱవేయడు.

కావున సంపాదకులకు మా కోరికలివి. గడిలో పడు ప్రతి మాటయు నిండుమాటగా నుండవలెను. తల తెగినది, తోక తెగినది, తిరుగబడినది గడిలోనికి రాగూడదు. ప్రతి యాధారమునకును అర్థమొకటి, నిర్మాణమొకటి యుండవలెను. ఆ రెండును ఒక్క మాటనే చూపవలెను. నటీనటుల పేళ్ళు పండుగనాటి పిండివంటవలె నుండవచ్చును గాని దినదినపు భోజనము కారాదు. నిఘంటువులోని మృతపదమునకు ముందు, పొలములోను వంటయింటిలోను బ్రదికియున్న పదమునకు చోటీయవలెను. బహుమానము ఒక మంచి పుస్తకమును మించరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, మఱుసటి సంచికలో నింపిన గళ్ళను మాత్రము అచ్చువేసి ఊరకుండక, ఏ మాట ఎట్లు వచ్చినదో వాక్యమునకొక వాక్యముగా వివరింపవలెను. వివరింప సిగ్గుపడునట్టి యాధారమును అచ్చువేయకుండుటయే మేలు.

ఇవి గొప్ప సంస్కరణములు గావు. పరిషత్తు కూడనక్కఱలేదు, శాసనము చేయనక్కఱలేదు. ఒక సంపాదకుడు తలంచిన వచ్చు నెలనుండియే ఆరంభింపవచ్చును. చదువరులారా! మీ చేతిలోను ఒక యధికారము కలదు. ఈ మాఱు 'నది తిరుగబడినది' యని కనబడినప్పుడు గడి నింపవద్దు. ఆ పత్రికకు ఒక కార్డు వ్రాసి, నదిని తిన్నగా పాఱనిండని చెప్పుడు.